పదిహేడో శతాబ్దపు ఇంగ్లిష్ భూస్వామి ఎంపీ జీవితాన్ని, కుటుంబాన్ని కాగితాల్లోంచి వెలికితీయడం ఎలా: సర్ రాల్ఫ్ వెర్నీ ఉదాహరణగా సమగ్ర మార్గదర్శి

పదిహేడో శతాబ్దపు ఇంగ్లండ్‌లో పార్లమెంటు సభ్యుడి జీవితం తెలుసుకోవాలనుకునేవాళ్లు ముందు పార్లమెంటు రికార్డులే తెరుస్తారు. నేనూ అదే చేశాను. ఏ సంవత్సరం గెలిచాడు, ఏ కమిటీలో కూర్చున్నాడు, ఎటు మొగ్గాడు అన్నవన్నీ నోట్‌బుక్ నిండా రాసుకున్నాను. నెలలు గడిచినా ఆ మనిషి మాత్రం కళ్లముందుకు రాలేదు. ఒకరోజు ఆయన చెల్లెళ్ల కట్నాల గొడవ చదివాను. ఆ తర్వాత భార్య పేరున ఉన్న భూమి లెక్క చూశాను. అప్పటిదాకా రాసుకున్న తేదీలన్నిటికీ అప్పుడు అర్థం వచ్చింది. అందుకే ఈ మార్గదర్శిలో వరస మార్చాను. ముందు ఇల్లు, పెళ్లి, భూమి, అప్పు. పార్లమెంటు ఆ తర్వాత.

ఉదాహరణకు బకింగ్‌హామ్‌షైర్‌లోని మిడిల్ క్లేడన్ ఊరికి చెందిన సర్ రాల్ఫ్ వెర్నీని తీసుకుంటున్నాను. 1613లో పుట్టి 1696లో చనిపోయాడు. ఆయన పెద్ద నాయకుడేమీ కాదు, మంత్రి పదవి చేయలేదు. కానీ ఇంటికి వచ్చిన ఉత్తరాన్నల్లా దాచాడు. ఏ ఉత్తరం ఎప్పుడు అందిందో దాని మీదే రాసి పెట్టాడు. తను పంపినవాటి చిత్తు ప్రతులనూ ఉంచుకున్నాడు. ఆ కుటుంబం దాచిన పదిహేడో శతాబ్దపు ఉత్తరాలు సుమారు 30 వేలు. నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి ఇల్లు దొరకదు.

మొదటి అడుగు: ఎవరు ఎవరో తేల్చుకోండి

పని మొదలుపెట్టిన వారంలోనే పేర్లు బుర్ర తినేస్తాయి. మనకు తాత పేరు మనవడికి పెట్టడం ఉన్నట్టే వాళ్లకీ ఉంది. రాల్ఫ్ తండ్రి సర్ ఎడ్మండ్, తమ్ముడు ఎడ్మండ్, పెద్దకొడుకు ఎడ్మండ్, ఒక మనవడు కూడా ఎడ్మండే. రాల్ఫ్‌లూ అంతే: ఈయన, పసితనంలోనే పోయిన ఒక కొడుకు, ఇద్దరు మనవళ్లు. పైగా ఉత్తరాల్లో ముద్దుపేర్లు వాడతారు. మన్ అంటే పెద్దకొడుకు ఎడ్మండ్, జాక్ అంటే రెండో కొడుకు జాన్, మాల్ అంటే చెల్లెలు మేరీ.

ఒక పెద్ద కాగితం తీసుకుని ఒక్కొక్కరికి ఒక్క గడి కేటాయించండి. పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు, ముద్దుపేరు, ఎవరి కొడుకు లేక కూతురు అన్నవి అందులో రాయండి. ఒక ఉత్తరంలో ఎడ్మండ్ కనిపిస్తే ముందు తేదీ చూడండి. తమ్ముడు ఎడ్మండ్ 1649లో ఐర్లండ్‌లోని ద్రోగెడాలో చనిపోయాడు కాబట్టి 1650 తర్వాతి ఉత్తరంలో ఉన్నది కొడుకో మనవడో అయ్యుండాలి. ఇది చిన్నపనిలా కనిపిస్తుంది కానీ, ఇక్కడ తప్పితే వంద పేజీల తర్వాత ఒకరి అప్పును ఇంకొకరి నెత్తిన రుద్దేస్తాం.

ప్రాథమిక సమాచారం కోసం హిస్టరీ ఆఫ్ పార్లమెంట్ వారి సంపుటాలు చూడండి. 1660-1690 కాలం సభ్యుల జీవిత సంగ్రహాలు వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. రాల్ఫ్ కూడా అందులో ఉన్నాడు. తల్లిదండ్రులు, పెళ్లి, చదువు, పదవులు ప్రతి వ్యాసం మొదట్లోనే కుదించి ఇస్తారు. ఆ నాలుగు వరుసలు మీ కాగితానికి పునాది.

రెండో అడుగు: తేదీలు సరిచేసుకోండి

అప్పటి ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం జనవరి 1న మొదలయ్యేది కాదు, మార్చి 25న మొదలయ్యేది. రాజు మొదటి చార్లెస్‌కు మరణశిక్ష అమలైంది మన లెక్కలో 1649 జనవరి 30న. అప్పటి కాగితాల్లో మాత్రం అది 1648 జనవరి. అంటే జనవరి 1 నుంచి మార్చి 24 దాకా ఉన్న ఏ తేదీ కనిపించినా ఆగి, ఏ లెక్కలో ఉందో అడగాలి. ఇది తెలియకపోతే పెళ్లికి ముందే బిడ్డ పుట్టినట్టు, చనిపోయిన మనిషి ఉత్తరం రాసినట్టు కనిపిస్తుంది.

రెండో చిక్కు ఇంకా ఉంది. ఫ్రాన్స్ అప్పటికే కొత్త క్యాలెండర్‌కు మారింది, ఇంగ్లండ్ మారలేదు. రెండిటికీ పది రోజుల తేడా. రాల్ఫ్ ఫ్రాన్స్‌లో, భార్య లండన్‌లో ఉన్న కాలంలో ఈ తేడా ప్రతి ఉత్తరంలోనూ తగులుతుంది. నేను రెండు గళ్లు పెట్టుకుంటాను: కాగితం మీద ఉన్న తేదీ ఒక గడిలో, నేను సరిచేసిన తేదీ పక్క గడిలో. మొదటిదాన్ని ఎప్పుడూ చెరపను.

ఈ నేర్పు ఇంగ్లండ్ చరిత్రకే పరిమితం కాదు. రాల్ఫ్ పుట్టడానికి రెండేళ్ల ముందే, 1611లో, ఈస్ట్ ఇండియా కంపెనీ మచిలీపట్నంలో వ్యాపార కేంద్రం తెరిచింది. అక్కడ ఇంగ్లిష్ వాళ్లు రాసిన తేదీకీ, పక్కనే ఉన్న డచ్చివాళ్లు రాసిన తేదీకీ ఇదే పది రోజుల తేడా. ఆ ఉత్తరాలు చదవాలనుకునే మనవాళ్లకు ఇక్కడ నేర్చుకున్నది అక్కడ సరిగ్గా పనికొస్తుంది.

మూడో అడుగు: చుట్టరికాలను తెలుగులోకి మార్చి చూడండి

ఇది నేను సొంతంగా కనిపెట్టుకున్న పద్ధతి. దీని మీద నాకు గట్టి నమ్మకం. ఇంగ్లిష్‌లో అంకుల్ అని ఒక్క మాటతో సరిపెట్టేయొచ్చు. తెలుగులో రాయాలంటే మేనమామా, బాబాయా, పెదనాన్నా, లేక అత్త మొగుడా అని తెలిసి తీరాలి. తెలియకపోతే కలం ముందుకు కదలదు. ఆ ఆగడమే మనకు కావాల్సింది.

రాల్ఫ్ ఉత్తరాల్లో ఒక డాక్టర్ అంకుల్ మాటిమాటికీ కనిపిస్తాడు. పేరు విలియం డెంటన్, రాజవైద్యుడు. ఆయన్ని తెలుగులో రాయబోతే అసలు ఎవరన్న ప్రశ్న వచ్చింది. వెతికితే తేలింది, రాల్ఫ్ తల్లి మార్గరెట్ డెంటన్‌కు తమ్ముడు. అంటే మేనమామ. ఆ ఒక్క మాటతో చాలా అర్థమైంది. ఇంటిపేరు వేరు, ఆస్తిలో వాటా లేదు, కాబట్టి పోటీ లేదు. అక్క పిల్లల మీద ప్రేమ ఉంది. 1640ల్లో రాజుకూ పార్లమెంటుకూ మధ్య జరిగిన యుద్ధంలో తండ్రి పోయిన రాల్ఫ్‌కు పెద్దదిక్కుగా నిలబడ్డది ఈయనే.

జాగ్రత్త పడాల్సిన మాటలు ఇంకా ఉన్నాయి. ఆ కాలంలో బావమరిదినీ బ్రదర్ అనేవాళ్లు, కోడలినీ డాటర్ అనేవాళ్లు. మదర్ ఇన్ లా అని ఉంటే అత్తగారు కావచ్చు, సవతి తల్లి కావచ్చు. కజిన్ అనేదానికైతే హద్దే లేదు. దూరపు చుట్టం, చుట్టం కావాలని కోరుకునేవాడు, ఓటు అడగడానికి వచ్చినవాడు, అందరూ కజిన్లే. కాబట్టి ఒక్క ఉత్తరం ఆధారంగా వంశవృక్షంలో కొమ్మ గీయకండి. చర్చి రిజిస్టరో, వీలునామానో, పెళ్లి ఒప్పందమో తోడు ఉండాలి.

చర్చి రిజిస్టర్లు ఇంగ్లండ్‌లో 1538లో మొదలయ్యాయి. కానీ 1640లు, 1650ల అంతర్యుద్ధ కాలంలో చాలా ఊళ్లలో పేజీలు ఖాళీ. అక్కడ బాప్తిస్మం నమోదు దొరకలేదని ఆ బిడ్డ పుట్టలేదనుకోవద్దు. అలాంటప్పుడు వీలునామాలే దిక్కు. దేశంలోని ధనవంతుల వీలునామాలు ఎక్కువగా కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ కోర్టులో నమోదయ్యేవి. అవి ఇప్పుడు లండన్ శివారు క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ప్రాబ్ 11 అనే వరుసలో ఉన్నాయి. వాళ్ల వెబ్‌సైట్‌లో పేరుతో వెతికి ఇంట్లో కూర్చునే తెప్పించుకోవచ్చు. వీలునామాలో ఆస్తి ఎవరికి పోయిందన్నదే కాదు, ఎవరికి ఉంగరం ఇచ్చారు, పనిమనిషికి ఎంత రాశారు, ఎవరి పేరు అసలు ఎత్తలేదు అన్నవి కూడా చూడండి.

నాలుగో అడుగు: పెళ్లి, కట్నం, భూమి

ఇక్కడ తొందరపడొద్దు. మొత్తం పనికి మీ దగ్గర పది వారాలుంటే అందులో నాలుగు దీనికే ఇవ్వండి.

రాల్ఫ్ పెళ్లి 1629 మే 31న జరిగింది. అతనికి పదిహేనేళ్లు, పెళ్లికూతురు మేరీ బ్లాక్‌నల్‌కు పదమూడు. మేరీది అప్పట్లో బర్క్‌షైర్‌లో ఉన్న ఆబింగ్‌డన్. 1625లో ప్లేగు వచ్చి తల్లీతండ్రీ ఇద్దరూ పోయారు. తొమ్మిదేళ్ల పిల్ల ఒంటరిదైంది, ఆస్తి మాత్రం ఉంది. ఇలాంటి పిల్లలు రాజు అధీనంలోని కోర్ట్ ఆఫ్ వార్డ్స్ కిందికి వచ్చేవాళ్లు. జమీందారీల చరిత్ర చదివిన తెలుగువాళ్లకు ఈ పేరు కొత్త కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో మైనరు జమీందార్ల ఎస్టేట్లు చూసింది కూడా కోర్ట్ ఆఫ్ వార్డ్సే. కానీ పేరు ఒకటైనా పని వేరు. మన దగ్గర ప్రభుత్వం ఎస్టేటు నడిపేది. ఇంగ్లండ్‌లో ఆ బిడ్డ సంరక్షణనూ, పెళ్లి నిర్ణయించే హక్కునూ డబ్బుకు అమ్మేవాళ్లు. మేరీ విషయంలో ఆమె బంధువులే నలుగురు కలిసి 2000 పౌండ్లకు ఒప్పుకుని ఆ హక్కు తీసుకున్నారు. వాళ్లలో ఒకరు ఆమెను తన కొడుక్కే కట్టబెట్టాలని కూడా చూశారు.

ఈ కోర్టు కాగితాలు నేషనల్ ఆర్కైవ్స్‌లో వార్డ్ అనే వరుసలో ఉన్నాయి. అంతర్యుద్ధ సమయంలో 1646లో పార్లమెంటు ఈ కోర్టును ఎత్తేసింది, 1660లో దాన్ని చట్టంగా ఖాయం చేశారు. మీ భూస్వామి తండ్రి 1646కు ముందు పోయి, అప్పటికి కొడుకు మైనరైతే తప్పకుండా ఇక్కడ వెతకండి.

పెళ్లి ఒప్పందంలో రెండు అంకెలు పట్టుకోవాలి. ఒకటి పోర్షన్, అంటే అమ్మాయి తెచ్చే కట్నం. రెండోది జాయించర్, అంటే భర్త పోతే ఆమెకు బతికున్నంత కాలం ఏటా అందాల్సిన ఆదాయం. మొదటిది ఎంత ఎక్కువైతే రెండోదాన్ని అంత గట్టిగా బేరమాడేవాళ్లు. రాల్ఫ్ చెల్లెలు కేరీ కథ చూస్తే ఇది కాగితం మీది అంకె కాదని తెలుస్తుంది. 1642లో థామస్ గార్డినర్ అనే సైనికాధికారితో పెళ్లయింది. 1645లో అతను యుద్ధంలో చనిపోయాడు. చిన్న వయసులో విధవైన కేరీకి అత్తింటివాళ్లతో ఆ జాయించర్ గురించే పేచీ వచ్చింది.

ఇప్పుడు అసలు మెలిక. ఆస్తి మొత్తం పెద్దకొడుక్కి పోతుంది. తమ్ముళ్లకు ఏటా కొంత భత్యం, చెల్లెళ్లకు కట్నం. ఈ బాధ్యతంతా కూడా ఆస్తితో పాటే పెద్దకొడుకు నెత్తిన పడుతుంది. 1642 అక్టోబర్ 23న ఎడ్జ్‌హిల్ యుద్ధంలో తండ్రి సర్ ఎడ్మండ్ చనిపోయినప్పుడు రాల్ఫ్‌కు వచ్చింది అప్పుల్లో ఉన్న ఎస్టేటు, ముగ్గురు తమ్ముళ్లు, పెళ్లికాని అయిదుగురు చెల్లెళ్లు. చెల్లెళ్ల కోసం తండ్రి ఏర్పాటు చేసిన ఆదాయం బట్టల మీద వసూలయ్యే పన్నుకు ముడిపడి ఉంది. యుద్ధం రాగానే అది ఆగిపోయింది. తమ్ముడు థామస్‌ను 1634లోనే వర్జీనియాకు పంపారు, తిరిగొచ్చేశాడు. తర్వాత బార్బడోస్ పంపారు, అక్కడా నిలవలేదు. జీవితమంతా అన్నకు డబ్బు కోసం ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. అన్న పోయాక కూడా పదేళ్లకు పైగా బతికాడు.

ఈ లెక్క వేసుకున్నాక రాల్ఫ్ రాజకీయాలు చదవండి. అతను ఎందుకు జంకాడో, ఏ నిర్ణయాన్ని ఎందుకు వాయిదా వేశాడో అర్థమవుతుంది.

డబ్బు గురించి ఒక హెచ్చరిక. పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు. మార్క్ అని కనిపిస్తే 13 షిల్లింగుల 4 పెన్నీలు, అది లెక్కల్లో వాడే మాట మాత్రమే. వీటిని ఇప్పటి రూపాయల్లోకి మార్చే ప్రయత్నం చేయకండి. అదే కుటుంబం కాగితాల్లో వంటమనిషి జీతం ఎంత, గుర్రం ధర ఎంత, చెల్లెలి భత్యం ఎంత అని పక్కపక్కన పెట్టి చూడండి. విలువ అప్పుడే తెలుస్తుంది.

అయిదో అడుగు: ఇప్పుడు పార్లమెంటు

1640లో రెండు పార్లమెంట్లు సమావేశమయ్యాయి. ఏప్రిల్‌లో మొదలైనది మూడు వారాల్లో రద్దయింది, నవంబర్‌లో మొదలైనది లాంగ్ పార్లమెంట్‌గా పేరుపడింది. రెండిట్లోనూ రాల్ఫ్ ఎయిల్స్‌బరీ సభ్యుడు. సభలో కూర్చుని పెన్సిల్‌తో చిన్న చిన్న కాగితాల మీద చర్చలు రాసుకునేవాడు. ఆ నోట్స్ బతికాయి, 1845లో అచ్చయ్యాయి. సభ అధికారిక జర్నల్‌లో నిర్ణయం మాత్రమే ఉంటుంది, ఎవరు ఏం మాట్లాడారో ఉండదు. అందుకే ఇలాంటి సొంత నోట్స్ బంగారం. కామన్స్ జర్నల్ పాఠం బ్రిటిష్ హిస్టరీ ఆన్‌లైన్ అనే సైట్‌లో దొరుకుతుంది. మీ మనిషి పేరుతో వెతికి, ఏ కమిటీల్లో వేశారో, ఎప్పుడు సెలవు అడిగాడో, ఎప్పుడు పేరే కనిపించడం మానేసిందో రాసుకోండి. కనిపించడం మానేసిన తేదీ చాలా ముఖ్యం.

యుద్ధం వచ్చినప్పుడు కుటుంబం చీలింది. తండ్రి రాజు జెండా పట్టుకున్నాడు, కొడుకు పార్లమెంటు వైపు ఉన్నాడు. తండ్రికి రాజు వాదన మీద పూర్తి నమ్మకం లేదు. దాదాపు ముప్పై ఏళ్లు ఆయన ఉప్పు తిన్నాను, ఇప్పుడు వదిలేయలేను అన్నదే ఆయన బాధ. తమ్ముడు ఎడ్మండ్ అన్నను నిలదీస్తూ ఉత్తరం రాశాడు. అలాంటి ఇళ్లలో మనిషిని రాజు పక్షం, పార్లమెంటు పక్షం అని రెండు డబ్బాల్లో వేయడం అన్యాయం. 1643లో మతపరమైన ప్రమాణపత్రం మీద సంతకం చేయమన్నప్పుడు రాల్ఫ్ తన పక్షానికే తల వంచలేదు. ఆ ఏడాది చివర మారుపేరుతో ఫ్రాన్స్ వెళ్లిపోయాడు, తర్వాత బ్లువా పట్టణంలో ఉన్నాడు. 1645 సెప్టెంబర్‌లో పార్లమెంటు అతని సభ్యత్వం తీసేసింది. ఎస్టేటు జప్తులో పడింది.

ఆరో అడుగు: జప్తు కాగితాలు, ఆడవాళ్ల ఉత్తరాలు

ఎవరైనా నన్ను ఈ పనంతటిలో ఏ భాగం వదలకూడదని అడిగితే ఇదే చెబుతాను.

1640లు, 1650ల్లో భూమి పోగొట్టుకున్న రాజపక్షం వాళ్లు లండన్‌లోని గోల్డ్‌స్మిత్స్ హాల్‌లో కూర్చున్న కమిటీ ముందు ఆస్తి వివరాలు ఇచ్చి, జరిమానా కట్టి విడిపించుకునేవాళ్లు. ఆ కాగితాలు నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎస్‌పీ 23 అనే వరుసలో ఉన్నాయి. ఏ పొలం ఎంత కౌలుకు పోతోంది, ఎవరికి ఎంత బాకీ, ఎందరు పిల్లలు అన్నవన్నీ వాటిలో ఉంటాయి. ఒకటి గుర్తుంచుకోండి: జరిమానా ఆస్తి విలువను బట్టి కాబట్టి చెప్పేవాడు తక్కువ చేసి చెబుతాడు, అప్పులు మాత్రం ఒక్కటీ మర్చిపోడు.

రాల్ఫ్ రాజపక్షం కాదు. అతని తప్పల్లా సభకు రాకుండా దేశం వదలడమే. అందుకని జప్తు ఎత్తేయాలని అర్జీ పెట్టాలి. తిరిగొస్తే అరెస్టు భయం. మేనమామ డాక్టర్ డెంటన్ ఒక సలహా ఇచ్చాడు: ఈ రోజుల్లో ఆడవాళ్లు వెళ్లి అడిగితేనే పని అవుతుంది, మేరీని పంపు అని. 1646 నవంబర్‌లో మేరీ ఒంటరిగా ఇంగ్లండ్ వచ్చింది. అప్పటికే గర్భవతి.

ఆ పదిహేడు నెలలూ భార్యాభర్తలు వారం వారం రాసుకున్న ఉత్తరాలను తేదీ వరసలో చదవండి. ఏ ఎంపీ ఇంటికి ఎన్నిసార్లు తిరిగింది, ఎవరు మాట ఇచ్చి తప్పారు, వడ్డీవాళ్లతో ఎలా మాట్లాడింది, అన్నీ ఉన్నాయి. 1647 జూన్‌లో లండన్‌లో కొడుకు పుట్టాడు, రాల్ఫ్ అని పేరు పెట్టారు. తర్వాత క్లేడన్ వెళ్తే ఇల్లు పాడుబడి ఉంది. అక్కడ వదిలి వెళ్లిన చిన్నకొడుకు జాక్ కాళ్లు వంకర తిరిగి కనిపించాయి. ఆ శరత్కాలంలో పసివాడు రాల్ఫ్ పోయాడు. దాదాపు అప్పుడే ఫ్రాన్స్‌లో తండ్రి దగ్గరున్న కూతురు పెగ్ కూడా పోయింది. కొద్ది రోజుల తేడాలో ఇద్దరు బిడ్డలు. అయినా ఆమె తిరగడం ఆపలేదు. 1648 జనవరిలో జప్తు ఎత్తేశారు. వసంతంలో భర్త దగ్గరికి తిరిగి వెళ్లింది. 1650 మేలో, ముప్పై నాలుగేళ్ల వయసులో బ్లువాలోనే చనిపోయింది.

క్లేడన్ ఎస్టేటును నిలబెట్టింది మేరీ. పార్లమెంటు జర్నల్ ఒక్కటే చదివినవాళ్లకు ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. అందుకే ఆడవాళ్ల ఉత్తరాలు కుటుంబ విశేషాలని పక్కన పెట్టకండి. అవి రాజకీయ చరిత్రే.

రాల్ఫ్‌ను మరీ ఆకాశానికెత్తనూ కూడదు. డాక్టర్ డెంటన్ కూతురు నాన్సీ లాటిన్, గ్రీకు, హీబ్రూ నేర్చుకుంటానంటే, ఆడపిల్లకు అవి ఎందుకు, ఇంగ్లిష్ బైబిల్, ప్రార్థన పుస్తకం చాలునన్నట్టు రాశాడు. తన కుటుంబాన్ని ఒక స్త్రీ తెలివే కాపాడిందని చూసిన మనిషి ఇలా రాశాడంటే నాకు బాధగా ఉంటుంది. అయినా రెండూ రాయాలి, పక్కపక్కనే రాయాలి.

ఏడో అడుగు: చేతిరాత

అందరూ టెన్షన్ పడేది ఇక్కడే. నిజానికి రోజుకు అరగంట చొప్పున ఆరు వారాలు కూర్చుంటే చదవడం వస్తుంది. నేషనల్ ఆర్కైవ్స్ వెబ్‌సైట్‌లో పాత చేతిరాత పాఠాలు ఉచితంగా ఉన్నాయి. ముందు ఒక మనిషి రాత పట్టుకోండి, అది పూర్తిగా వచ్చాకే ఇంకొకరిది. ఇంగ్లిష్ వై అక్షరంలా కనిపించేది చాలాచోట్ల 'ద' శబ్దానికి గుర్తు. స్పెల్లింగ్ నిలకడగా ఉండదు, ఒకే పేజీలో ఒకే మాటను మూడు రకాలుగా రాస్తారు. ముఖ్యంగా ఆడవాళ్లు విన్నది విన్నట్టు రాస్తారు, కాబట్టి అర్థం కాకపోతే పైకి చదవండి, చెవికి దొరుకుతుంది. మీరు ఎత్తిరాసేటప్పుడు స్పెల్లింగ్ సరిచేయకండి. కోర్టు కాగితాలు చాలావరకు 1733 దాకా లాటిన్‌లో ఉంటాయి, 1650ల్లో మాత్రం కొన్నేళ్లు ఇంగ్లిష్‌లో రాశారు.

వెర్నీ ఉత్తరాలు మొదట వెలుగులోకి తెచ్చింది ఫ్లోరెన్స్ నైటింగేల్ అక్క పార్థెనొపీ. ఆమె ఈ ఇంటి కోడలు. పై అంతస్తు గదిలో పెట్టెల్లో ఉన్నవాటిని ఏళ్లపాటు చదివింది. 1892 నుంచి 1899 మధ్య నాలుగు సంపుటాలు వచ్చాయి. 1890లో ఆమె పోయాక చివరి రెండూ మార్గరెట్ వెర్నీ పూర్తిచేసింది. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, మొదట అవే చదవండి. కానీ అవి ఏరి కూర్చినవి. మీ వాదన ఒక్క వాక్యం మీద నిలబడితే ఆ ఉత్తరం మైక్రోఫిల్మ్ చూడాలి. బ్రిటిష్ లైబ్రరీలో ప్రతి ఉంది, అసలువి క్లేడన్‌లో ఉన్నాయి.

ఎనిమిదో అడుగు: ఊరికి వెళ్లండి, కుదరకపోతే మ్యాప్ తెరవండి

క్లేడన్ హౌస్ ఇప్పుడు పాత భవనాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది. చూడగానే రాల్ఫ్ ఇల్లు అనుకుంటాం. అది పద్దెనిమిదో శతాబ్దంలో అతని మునిమనవడు కట్టించిన రూపం. రాల్ఫ్ కాలాన్ని నేరుగా చూడాలంటే పక్కనున్న చర్చిలోకి వెళ్లాలి. ప్రవాసం నుంచి 1653లో తిరిగొచ్చిన రాల్ఫ్ అక్కడ పాలరాతి స్మారకం పెట్టించాడు. తండ్రి, తల్లి, మేరీ, తను, నలుగురి శిల్పాలు. అప్పటికి అతనికి నలభై ఏళ్లే. ఆ తర్వాత నలభై మూడేళ్లు బతికాడు, మళ్లీ పెళ్లి చేసుకోలేదు.

భూమి వైపు కూడా చూడండి. 1650ల్లో రాల్ఫ్ ఊరి ఉమ్మడి పొలాలకు కంచెలు వేయించి విడదీశాడు. ఎస్టేటు అప్పు తీరే దారిలో ఇదొక భాగం. ఉమ్మడి మేత భూమి మీద బతికే పేదవాళ్లకు ఏమైందన్నది భూస్వామి ఉత్తరాల్లో పెద్దగా ఉండదు. చర్చి పేదల ఖాతాలు, పొయ్యికి ఇంత చొప్పున వేసిన 1662 నాటి పన్ను జాబితాలు పక్కన పెట్టుకుంటేనే ఊళ్లో మిగతావాళ్లు కనిపిస్తారు.

తొమ్మిదో అడుగు: ఇంట్లో చెప్పుకునే కథలను ఏం చేయాలి

ఎడ్జ్‌హిల్‌లో సర్ ఎడ్మండ్ శరీరం దొరకలేదు. జెండా కర్రను పట్టుకున్న చెయ్యి మాత్రం తెగిపడి దొరికిందని, వేలికి రాజు బొమ్మ ఉన్న ఉంగరం ఉందని కథ. దీన్ని కొట్టిపారేయకండి, నిజమనీ రాయకండి. కాగితం మీద నిలిచేది ఇది: ఆయన జెండా మోస్తూ చనిపోయాడు, జెండా శత్రువు చేతికి పోయింది, జాన్ స్మిత్ అనే సైనికుడు తిరిగి తెచ్చాడు, కొడుకు ఎంత వెతికించినా తండ్రి శరీరం దొరకలేదు. పూడ్చడానికి శరీరం దొరకని ఇంట్లో అలాంటి కథ ఎందుకు పుడుతుందో ఊహించడం కష్టం కాదు. దాన్ని కథగానే, దాని చోట పెట్టండి.

పదో అడుగు: కనీసం రెండు తరాలు ముందుకు వెళ్లండి

మనిషి చనిపోయిన చోట ఆపేస్తే కుటుంబం సగమే తెలుస్తుంది. రాల్ఫ్ 1655లో, రాజు లేని ఆ కాలంలో దేశాన్ని ఏలిన క్రామ్‌వెల్ ప్రభుత్వం చేతిలో కొన్ని నెలలు జైల్లో ఉన్నాడు. రాజరికం తిరిగొచ్చాక 1661లో బారొనెట్ అనే వంశపారంపర్య బిరుదు పొందాడు, 1680ల్లో బకింగ్‌హామ్ నుంచి మళ్లీ పార్లమెంటుకు వెళ్లాడు. పెద్దకొడుకు మన్‌కు 1662లో పక్క ఊరు ఈస్ట్ క్లేడన్ వారసురాలు మేరీ ఏబెల్‌తో పెళ్లి చేశాడు. భూమి కలిసింది, కానీ ఆ అమ్మాయికి మానసిక జబ్బు వచ్చింది. మన్ తండ్రి కంటే ముందే 1688లో పోయాడు, అతని కొడుకులిద్దరూ పోయారు.

జాక్ రెండో కొడుకు, ఆస్తి రాదు. అందుకని వ్యాపారం నేర్చుకోవడానికి పెట్టారు. 1662లో సిరియాలోని అలెప్పో వెళ్లి పన్నెండేళ్లు ఉన్నాడు. 1696లో ఎస్టేటు అతనికే వచ్చింది. 1703లో వైకౌంట్ ఫెర్మనా అనే ప్రభు బిరుదు పొందాడు, తర్వాత పార్లమెంటు సభ్యుడూ అయ్యాడు. క్లేడన్‌లో వంకర కాళ్లతో తల్లికి కనిపించిన పిల్లవాడు ఇతనే.

ఇంటిపేరు విషయంలో కూడా ఒక గుంట ఉంది. నైటింగేల్ అక్కను పెళ్లాడిన సర్ హ్యారీ వెర్నీ పుట్టుకతో వెర్నీ కాదు, కాల్వర్ట్. 1827లో ఆస్తితో పాటు ఇంటిపేరు తీసుకున్నాడు. దత్తత వెళ్తే ఇంటిపేరు మారడం మనకు తెలుసు కాబట్టి ఇది వింతగా అనిపించదు. కానీ పేరు చూసి రక్తసంబంధం గీసేస్తే వంశవృక్షం మొత్తం తప్పుతుంది.

రాయడానికి కూర్చున్నప్పుడు

పుట్టుకతో మొదలుపెట్టొద్దు. మీ కాగితాల్లో అందరి బతుకులూ ఒకేసారి కదిలిన సంవత్సరం ఏదో చూడండి. వెర్నీలకు అది 1647. ఆ ఏడాదికి నెలకో గడి చొప్పున పన్నెండు గళ్లు గీసి రాల్ఫ్, మేరీ, జాక్, చెల్లెళ్లు, డాక్టర్ డెంటన్ ఎక్కడున్నారో రాయండి. ఏ గడి ఖాళీగా ఉందో అక్కడికి మళ్లీ వెళ్లి వెతకండి. మేరీ లండన్‌లో ఒక వార్త రాసిన రోజు, బ్లువాలో రాల్ఫ్ అది చదివిన రోజు వేరువేరు. ఆయన ఉత్తరం మీద రాసిపెట్టిన అందిన తేదీని ఆమె రాసిన తేదీ పక్కన పెట్టి, పది రోజుల క్యాలెండర్ తేడా తీసేయండి. మిగిలినన్ని రోజులూ ఒకరికి తెలిసినది ఇంకొకరికి తెలియకుండా గడిచాయి. మీ మొదటి పేజీ అక్కడ మొదలుపెట్టండి.